గోరు గుచ్చి చూశాకే పొయ్యి వెలిగించు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది తెనాలి, మావారిది కరీంనగర్ దగ్గర పల్లె. పెళ్లయి ఏడాదైంది, మారతహళ్లిలో నాలుగో అంతస్తులో ఉంటున్నాం. వాన మొదలైతే చాలు, ఆయనకి కాల్చిన మక్క కంకి కావాలి, నాకేమో ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తు కావాలి. మొన్న ఫోన్‌లో ఆర్డర్ పెడితే వచ్చిన పొత్తుల్ని గ్యాస్ మంట మీద కాల్చాను. పైన బొగ్గయిపోయాయి, లోపల నీళ్లు కారుతూ ఒకటే తీపి. ఆయన రెండు గింజలు నోట్లో వేసుకుని పక్కన పెట్టేశారు. తర్వాతి వారం మడివాళ మార్కెట్లో ఆరు కొనుక్కొచ్చి, నాలుగు కుక్కర్లో పెట్టి, ఉప్పేసి ఐదు విజిల్స్ రానిచ్చాను. దవడలు నొప్పి పుట్టాయి గాని గింజ మెత్తబడలేదు. మా అమ్మ ఉత్త గిన్నెలో పావుగంట ఉడకబెడితే వెన్నలా ఉండేవి. ఉప్పు ముందే వేయడం తప్పా? బొగ్గులు లేకుండా ఫ్లాట్‌లో ఆ కాల్చిన వాసన ఎలా వస్తుంది? మైక్రోవేవ్ ఉంది గాని పాలు వెచ్చబెట్టడానికి తప్ప వాడలేదు. మిగిలిన రెండు పొత్తులూ ఫ్రిజ్‌లో ఉన్నాయి, పారేయనా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: ముందు ఆ రెండూ పారేయకు. వాటి సంగతి చివర్లో చెప్తాను.

నీ చేతివంటకి వచ్చిన లోటేమీ లేదమ్మా. నువ్వు రెండు వారాల్లో కొన్నవి రెండు వేరే వేరే సరుకులు. ఉడికించాల్సిన దాన్ని కాల్చావు, బాగా ముదిరిన దాన్ని లేతదనుకుని ఉడికించావు. అంతే జరిగింది.

ఫోన్‌లో ఆర్డర్ పెడితే వచ్చేది దాదాపు ఎప్పుడూ స్వీట్ కార్నే. గింజ నున్నగా, మెరుస్తూ, నొక్కితే నీళ్లు చిమ్మేటట్టు ఉంటుంది. మార్కెట్లో ఆకులతో గుట్ట పోసి అమ్మేవాటిలో ఎక్కువగా దొరికేది నాటుది. నాటు అని అలవాటుగా అంటున్నానే గాని, మొక్కజొన్న అసలు పుట్టిల్లు మెక్సికో వైపు. పైగా ఇప్పుడు చేలల్లో వేసేవి చాలావరకు హైబ్రిడ్ విత్తనాలే. దావణగెరె, హావేరి వైపు ఎకరాలకి ఎకరాలు పండేదీ, మీవారి ఊరి చుట్టుపక్కల పండేదీ ఈ జాతే. చివరికి దీనిలో పెద్ద వాటా కోళ్ల దాణాకీ, పిండి మిల్లులకీ పోతుంది. పచ్చిగా ఉండగా కోసిన కొద్దిభాగం మన వాన సాయంత్రాలకి దక్కుతుంది.

ఈ రెండింటికీ తేడా ఎక్కడుందంటే, మామూలు మొక్కజొన్నలో గింజ ముదిరేకొద్దీ లోపలి చక్కెర పిండిగా మారిపోతుంది. స్వీట్ కార్న్‌కి పుట్టుకతోనే ఆ పని సరిగా చేతకాదు. దాని జన్యువులోనే ఆ లోపం ఉంది, ఆ లోపాన్నే మనం ఇష్టపడి పెంచుకున్నాం. అందుకే అందులో తీపి తీపిగానే, రసం రసంగానే మిగిలిపోతుంది. పొత్తు కాల్చడమంటే ఏమిటి? గింజలోని పిండి సెగకి ఉడకాలి, పైతొక్క దోరగా ఎర్రబడాలి. పిండే లేనిచోట కాలడానికి ఏముంటుంది? లోపల నీళ్లు మరుగుతాయి, పైన చక్కెర మాడుతుంది. నీ గ్యాస్ పొయ్యి మీద జరిగింది అదే. మీవారు పక్కన పెట్టడంలో తప్పు లేదు, ఆయన నాలుకకి తెలిసిన కంకి అది కాదు మరి.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. ఇరవై ఏళ్ల కిందట, ఈ ఊరికి కొత్తగా వచ్చిన రోజుల్లో, జయనగర నాలుగో బ్లాక్ దగ్గర తోపుడుబండి మీద పొత్తులు కాల్చే ఒకామె ఉండేది. ఒక సాయంత్రం జల్లు పడుతుంటే ఆమె గొడుగు కిందే నిలబడిపోయాను. గోనెసంచి బోర్లించి, ఒక్కో పొత్తు చేతిలోకి తీసుకుని, నడుమ దాకా రెండు ఆకులు విప్పి, బొటనవేలి గోరు గింజలోకి దించేది. చూసేది కూడా కాదు, వేలికి తగిలిన తడిని బట్టే తెలిసిపోయేది. ఒకటి కుడివైపు గుట్టలోకి, ఒకటి ఎడమవైపు గుట్టలోకి. ఎందుకమ్మా అని నా వచ్చీరాని కన్నడంలో అడిగితే, "ఇదు సుడోకె, ఇదు బేయ్సోకె" అంది. ఇది కాల్చడానికి, ఇది ఉడకబెట్టడానికి. మూడో రకం కూడా ఉంది, అది బండి కింద బుట్టలోకి పోయింది. అదెందుకంటే నవ్వి, ఆవుకని చెప్పింది. నువ్వు కుక్కర్లో వేసి ఐదు విజిల్స్ పెట్టినవి ఆ మూడో బుట్టలోవి.

కాబట్టి ఇకనుంచి పొత్తు ఇంటికి రాగానే చేయాల్సిన మొదటి పని గోరు గుచ్చడం. కొస దగ్గర కాదు, అక్కడ గింజలు ఎప్పుడూ లేతగానే ఉంటాయి, మోసపోతావు. నడిమధ్యలో గుచ్చు. పల్చని పాలు చిమ్మితే అది మరీ లేత. ఉడకబెట్టుకో, లేదంటే ఆవిరి పట్టు, అంతకుమించి దానికేమీ అక్కర్లేదు. చిక్కటి పాలు, మీగడలా వేలికి అంటుకుంటే అదీ కాల్చే పొత్తు. మీవారు కలలు కనేది దీన్నే. గోరు దిగుతుంది గాని తడి లేదు, ముద్దలా పిండి కనిపిస్తోంది అంటే కాల్చడానికి దాటిపోయింది, కుక్కర్లో చాలాసేపు ఉంచాలి, లేదా రుబ్బాలి. గోరే దిగకపోతే ఇక దానికి పిండిమరో కోళ్లో దిక్కు. ఇక స్వీట్ కార్న్ సంగతికొస్తే, దానికి ఈ పరీక్ష తాజాదనం చూసుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. అది ఎప్పుడూ ఉడికించేదే.

కొనేటప్పుడు ఆకులు మొత్తం చీల్చి చూడకు, అమ్మేవాళ్లకి ఒళ్లు మండుతుంది, న్యాయమే మరి. ఆకుల పైనుంచే నొక్కు, గింజలు కొసదాకా బిగువుగా తగలాలి. కాడ కోసిన చోట తెల్లగా తడిగా ఉండాలి, ఎండి గోధుమరంగుకి తిరిగితే కోసి రోజులైనట్టు. పీచు గోధుమరంగులో ఉండి కాస్త జిగటగా ఉంటే మంచిది. మరీ తెల్లగా పట్టులా ఉంటే గింజ ఇంకా పట్టలేదు, ఎండి నల్లగా పొడిపొడి అవుతుంటే ముదిరింది. అన్నట్టు ఒక్కో పీచు పోగూ లోపల ఒక్కో గింజది. పోగుకి పుప్పొడి అందకపోతే ఆ గింజ రాదు, పళ్లూడిన నోరులా అక్కడక్కడా ఖాళీలు కనిపించేది అందుకే. రుచికి దానితో ఏ ఇబ్బందీ లేదు, బేరమాడటానికి పనికొస్తుంది. ఆకులు తీసేసి ప్లాస్టిక్ చుట్టి అమ్మేవి మాత్రం నేను కొనను. కోసిన క్షణం నుంచీ పొత్తులో తీపి తగ్గుతూ పోతుంది, వేడిలో ఇంకా తొందరగా తగ్గుతుంది. ఆకులతోనే తెచ్చి, ఆకులతోనే ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజుల్లో తినేయాలి.

మార్కెట్లో అడిగేటప్పుడు మీ ఆయన మక్క కంకి అన్నా, నువ్వు పొత్తు అన్నా అక్కడ ఎవరికీ తెలియదు. "ముసుకిన జోళ" అను. ముసుకు అంటే మన ముసుగే. ముసుగేసుకున్న జొన్న అని పేరు పెట్టారు చూడు, ఎంత ముద్దొచ్చే మాటో. నాటుదే కావాలంటే "నాటి" అని చేర్చు, నాటుకోడిని అడిగినట్టే.

ఇక మీ అమ్మగారి పావుగంట. ఆవిడ అబద్ధం చెప్పలేదు, కాని ఆ లెక్క తెనాలిది. మొదటి సంగతి, పొద్దున కోసిన పొత్తు మధ్యాహ్నానికి ఆవిడ గిన్నెలో పడేది. నీది లారీ ఎక్కి, మండీలో దిగి, బండెక్కి వచ్చింది. రెండోది, బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. తెనాలిలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగితే ఇక్కడ 97 దగ్గరే మరుగుతాయి. మూడు డిగ్రీలే కదా అనిపిస్తుంది, కాని ఉత్త గిన్నెలో ఏది ఉడకబెట్టినా ఇక్కడ కాస్త ఎక్కువసేపే పడుతుంది. పప్పు విషయంలో నీకు ఈపాటికే అనుభవమయ్యే ఉంటుంది. మూడోది మీ మారతహళ్లి వైపు నీళ్లు. బోరు నీళ్లో ట్యాంకర్ నీళ్లో అయితే సున్నం ఎక్కువ, బకెట్టు అంచున తెల్లటి చార చూస్తూనే ఉంటావు. అలాంటి నీళ్లలో పప్పు బద్ద బద్దగానే ఉండిపోతుంది. పొత్తులకి కూడా నేను తాగే నీళ్లే పోస్తాను.

ఉప్పుది మాత్రం నేరం కాదు. ముందే వేస్తే గింజ గట్టిపడుతుందని మా ఇంట్లోనూ అనేవాళ్లు. రెండు విధాలా చేసి చూశాను, నా పళ్లకి తేడా తెలియలేదు. అసలు ఇబ్బంది ఏమిటంటే, గింజకి తొక్క ఉంది కనుక ముందు వేసినా ఉప్పు లోపలికి పెద్దగా పట్టదు. దానికి నేను చేసేది, ఉడికాక పొయ్యి కట్టేసి, చెంచాడు ఉప్పు ఆ వేడి నీళ్లలో కలిపి, పొత్తుల్ని పది నిమిషాలు అందులోనే వదిలేయడం. తినేదాకా నీళ్లలోనే ఉండాలి కూడా. తీసి పళ్లెంలో పెట్టి ఫోన్ మాట్లాడుతూ కూర్చున్నావో, చల్లారేసరికి గింజలన్నీ ముడతలు పడతాయి.

లేత నాటు పొత్తుని ఉత్త గిన్నెలో మూతపెట్టి ఉడికిస్తే ఇక్కడ ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు అనుకో. ఒలిచిన ఆకుల్లో లోపలి లేతవి నాలుగు గిన్నె అడుగున పరిచి, పైన పొత్తులు పెట్టి, మళ్లీ రెండు ఆకులు కప్పి ఉడికించు. మూత తీయగానే చేను వాసన వస్తుంది. అది నీళ్లలో ఉత్తగా ఉడికినవాటికి రాదు.

కుక్కర్ దగ్గర ఒక మాట. ఐదు విజిల్స్ అని రాశావు. ఐదు విజిల్స్ అంటే ఎంతసేపు? పెద్ద మంట మీద ఆరేడు నిమిషాల్లో అయిపోతాయి, సన్న మంట మీద ఇరవై నిమిషాలు పడుతుంది. విజిల్‌ని గడియారం అనుకోవడం మనందరికీ ఉన్న అలవాటు. మా అక్క చెప్పే మూడు విజిల్స్, నా మూడు విజిల్స్ ఏనాడూ ఒకటి కాలేదు. ఒక విజిల్ రాగానే మంట పూర్తిగా తగ్గించి అక్కడనుంచి గడియారం చూడు. మామూలు నాటు పొత్తుకి పదిహేను నిమిషాలు, కాస్త ముదురుదైతే ఇరవై ఐదు నుంచి అరగంట. ప్రెషర్ దానంతటదే దిగనివ్వు. పొత్తు పొడవుగా ఉండి కుక్కర్లో పట్టకపోతే కత్తితో నరకడానికి తంటాలు పడకు, పచ్చి బెండు మీద కత్తి జారితే వేలు పోతుంది. చుట్టూ గింజల మధ్య గాటు పెట్టి, రెండు చేతులతో పట్టుకుని విరిస్తే టప్పున విరుగుతుంది.

స్వీట్ కార్న్‌కి కుక్కర్ అక్కర్లేదు. మరుగుతున్న నీళ్లలో ఐదారు నిమిషాలు, లేదా ఇడ్లీ పాత్రలో ఎనిమిది నిమిషాల ఆవిరి. అంతకన్నా ఎక్కువ ఉడికిస్తే తీపంతా నీళ్లలోకి దిగిపోతుంది. నీ మైక్రోవేవ్‌కి అసలైన పని కూడా ఇదే. ఆకులు ఒక్కటీ తీయకుండా, పొత్తుని అలాగే పెట్టి, ఫుల్ పవర్‌లో మూడు నుంచి నాలుగు నిమిషాలు తిప్పు. రెండు పెడితే సమయం దాదాపు రెట్టింపవుతుంది, అందుకని ఒక్కొక్కటే మేలు. రెండు నిమిషాలు అలా వదిలేసి, దళసరి గుడ్డతో పట్టుకుని బయటికి తీసి, కాడవైపు ఒక అంగుళం గింజలతో సహా కోసెయ్. ఇప్పుడు పీచున్న కొసని గుడ్డతో గట్టిగా పట్టుకుని పిండితే, పొత్తు ఒక్క పీచు పోగు లేకుండా కిందికి జారి వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను నవ్వాపుకోలేకపోయాను, దూడ పుట్టినట్టు జారింది. లోపల ఆవిరి బాగా ఉంటుంది, మొహం దూరంగా పెట్టుకో.

ఇక కాల్చడం. మీవారి కోరిక, నీ ప్రశ్నలో అసలైన భాగం.

ముందు నిజం చెప్పేస్తాను. బొగ్గుల మీద వచ్చే వాసన గ్యాస్ మీద పూర్తిగా రాదు. గింజల రసం నిప్పు మీద పడి, ఆ పొగ మళ్లీ గింజకి పట్టడం వల్ల వచ్చేది ఆ వాసన. గ్యాస్ మంటలో ఆ పొగ లేదు. అలాగని కుంపటి తెచ్చి ఇంట్లో పెట్టుకునే ఆలోచన మాత్రం చేయకు. నేను చేశాను. ఒక ఆగస్టు సాయంత్రం మా బాల్కనీలో బొగ్గుల కుంపటి రాజేశాను. వాన జల్లు లోపలికి కొడుతోందని తలుపు దగ్గరికి జరిపాను, పొగ ఇల్లంతా నిండింది, పైఅంతస్తు వాళ్ల ఆరేసిన బట్టలన్నిటికీ పట్టింది. సెక్యూరిటీ అబ్బాయి పరుగెత్తుకొచ్చాడు, మర్నాడు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో నా గురించే చర్చ. అదంతా నవ్వుకునే సంగతే గాని, మూసిన గదిలో బొగ్గులు కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషికి తెలిసేలోపే ప్రాణం మీదికి తెస్తుంది. గాలి ఆడని చోట బొగ్గుల జోలికి పోవద్దు.

పొగ వాసనకి దగ్గరగా తీసుకెళ్లే దారి ఒకటుంది. అది పొత్తు ఆకులే. చిక్కటి పాలున్న నాటు పొత్తు తీసుకో. పైపై ఆకులు తీసేసి, లోపలివి రెండు పొరలు మాత్రం ఉంచు. కొసన వేలాడే పీచునీ, ఆకు చివర్లనీ కత్తెరతో కత్తిరించు, లేకపోతే అవే భగ్గున అంటుకుంటాయి. కిటికీ తీసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, పుల్కా జాలీని చిన్న బర్నర్ మీద పెట్టి, మధ్యస్థం మంట మీద పొత్తుని పడుకోబెట్టు. పట్టకారుతో నిమిషానికోసారి పావు వంతు తిప్పుతూ ఉండు. ఆకు ముందు గోధుమరంగుకి, తర్వాత నలుపుకి తిరుగుతుంది, పచ్చిగడ్డి కాలిన వాసన వస్తుంది. లోపల గింజ తన ఆవిరిలో తానే మగ్గుతుంటుంది. ఎనిమిది నిమిషాలకి మాడిన ఆకులు ఒలిచి సింకులో పడేసి నీళ్లు చల్లు, నిప్పు రవ్వ మిగలకూడదు. ఇప్పుడు ఒట్టి పొత్తుని నేరుగా జాలీ మీద మూడు నాలుగు నిమిషాలు తిప్పుతూ కాల్చు. లోపల అప్పటికే మగ్గింది కనుక పైన చుక్కలు చుక్కలుగా నల్లబడితే చాలు. నువ్వు మొన్న చేసింది ఈ రెండో సగం మాత్రమే, అదీ తప్పు జాతి పొత్తుకి.

గింజలు టపటపమని పేలతాయి. తొక్క కింద ఆవిరి పట్టి పగలడమే, ఒక్కోసారి గింజ ఎగిరి వచ్చి చెంపకి తగులుతుంది. మంట మీద ఉండగా నూనె గాని వెన్న గాని రాయకు, కారి బర్నర్ మీద పడి మంట లేస్తుంది. నీది గాజు పొయ్యి అయితే పని అయ్యాక బర్నర్ తీసి రంధ్రాల్లో ఇరుక్కున్న మసి దులిపెయ్. మర్నాడు మంట ఒకవైపే వస్తోందని మెకానిక్‌ని పిలిచినవాళ్లు నాకు తెలుసు.

గోరు కాస్త కష్టంగా దిగే పొత్తుని కూడా కాల్చుకు తినాలని ఆయన పట్టుబడితే, ముందు కుక్కర్లో పది నిమిషాలు ఉడికించి, గుడ్డతో తడి తుడిచి, అప్పుడు మంట మీద పెట్టు. తడి తుడవడం మర్చిపోకు, లేకపోతే ఉడికిన వాసనే వస్తుంది గాని కాల్చిన వాసన రాదు.

ఇండక్షన్ పొయ్యి ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే, ఇనుప పెనం బాగా కాచి, పొత్తుని రెండు ముక్కలు చేసి, రెండు చెంచాల నీళ్లు చిలకరించి మూతపెట్టి మగ్గనిచ్చి, తర్వాత మూత తీసి దొర్లించుకోండి. పన్నెండు, పదిహేను నిమిషాల్లో అవుతుంది. ఎయిర్ ఫ్రయర్‌లో 200 డిగ్రీల దగ్గర సుమారు అంతే సమయం. గింజ కొంచెం ఎండినట్టు అవుతుంది, పైన నెయ్యి రాస్తే సర్దుకుంటుంది. నాకు పెద్ద ఇష్టం లేదు, అందుకే ఇంతకన్నా రాయను.

పైన పూసేదాని గురించి నాకు పట్టుదలలున్నాయి. ఉప్పు రెండు పాళ్లు, కారం ఒక పాలు ఒక పళ్లెంలో కలుపు. నిమ్మకాయ అడ్డంగా కోసి, ఆ చెక్కని ఉప్పుకారంలో అద్ది, పొత్తు చెయ్యి కాలేంత వేడిగా ఉండగానే గింజల వరసల వెంట పిండుతూ రుద్దు. చల్లారాక రుద్దితే కారం పచ్చివాసన వేస్తుంది. కారానికి ఇక్కడి బ్యాడగి మిరపపొడి వాడు. రంగు నిండుగా ఉంటుంది, మంట తక్కువ. గుంటూరు కారం రుద్దితే పొత్తు రుచి పోయి కారం రుచే మిగులుతుంది. తెనాలి అమ్మాయికి ఈ మాట చెప్పడం సాహసమే, తెలుసు. వెన్న స్వీట్ కార్న్‌కి సరిపోతుంది. నాటుదానికి వెన్న రాయడం మా ఇంట్లో పిల్లలు మొదలుపెట్టారు, నేను అటు చూడను. ఉడికించిన నాటు పొత్తుకి మాత్రం కాస్త నెయ్యి, పైన కొబ్బరికారం అద్ది చూడు. ఇది మీ ఇద్దరి తగాదాని కాసేపు ఆపుతుంది.

పొత్తు తిని నీళ్లు తాగకూడదని మీ అత్తగారో అమ్మగారో అనే ఉంటారు. మా నాయనమ్మ అయితే తిన్న బెండుని మధ్యకి విరిచి వాసన చూడమనేది, కడుపునొప్పి రాదని. నేను ఇప్పటికీ విరుస్తాను. దానివల్ల అరుగుదలకి ఏమవుతుందో గాని, ఆ విరిచిన చోట తియ్యటి వాసన ఒకటుంటుంది, అది నాకిష్టం. అసలు సంగతి, పొత్తు గబగబా మింగితే గింజలు సరిగా అరగవు, అంతే. నమిలి తింటే నీళ్లు తాగినా ఏమీ కాదు.

ఇప్పుడు ఫ్రిజ్‌లో ఉన్న ఆ రెండు. ఒకటి బయటికి తీసి గోరు గుచ్చు. ముద్దలా పిండి తగిలితే అవి గారెలకి పుట్టినవే. గింజలు ఒలవడానికి చాకు మొనతో ముందు ఒక్క వరస పెకిలించు. ఆ ఖాళీలోకి బొటనవేలితో పక్క వరసని తోస్తే వరసకి వరస రాలిపడుతుంది. సరదాకి వరసలు లెక్కపెట్టు, పన్నెండో, పధ్నాలుగో, పదహారో, ఎప్పుడూ సరిసంఖ్యే వస్తుంది. గింజల్లో నాలుగు పచ్చిమిరపకాయలు, అల్లం ముక్క, మూడు వెల్లుల్లి రెబ్బలు, అర చెంచా జీలకర్ర, ఉప్పు వేసి మిక్సీలో ఆపి ఆపి తిప్పు. బరకగా ఉండాలి, అక్కడక్కడా సగం గింజలు కనిపించాలి. ఉల్లిపాయ ముక్కలు, కరివేపాకు, కొత్తిమీర కలిపి, తడిచేసిన కవరు మీద కొంచెం దళసరిగా తట్టి, మధ్యస్థం మంట మీద ఎర్రగా వేయించు. పిండి చేతిలో నిలవకపోతే ఒక చెంచా బియ్యప్పిండి. మక్క గారెలంటే ఏమిటో కరీంనగర్ మనిషికి చెప్పక్కర్లేదు, వాసనకే వంటింట్లోకి వస్తారు. మిక్సీ తిరగట్లేదని నీళ్లు మాత్రం పోయకు. పోస్తే గారె నూనె తాగేస్తుంది.